డగ్లస్ ఫర్ అభిమాని

డగ్లస్ ఫర్ చెట్టు అభిమాని పుట్టేది ఆమడగూరులో, చిగురించేది సియాటిల్‌లో. అక్కడ ఉద్యోగంలో కుదురుకున్నాక బూట్లు, చేతికర్ర కొంటాడు. శనివారం తెల్లారకముందే హో అడవికో, రైనియర్ కొండ దిగువ పాత అడవులకో బయల్దేరతాడు. పులిహోర డబ్బా భార్య మోస్తుంది. ఉపన్యాసం ఇతను మోస్తాడు.

చెట్టు మాత్రం పొగడదగిందే. ముదురు మానుల్లో కొన్ని 80 మీటర్లు దాటతాయి, వెయ్యేళ్లు బతికినవీ ఉన్నాయి. బెరడు 30 సెంటీమీటర్ల మందం దాకా ఉంటుంది కాబట్టి చిన్నాచితకా మంటలు లోపలికి పోవు. కాయ పొలుసుల సందుల్లోంచి మూడు మొనల రెక్కలు పొడుచుకొస్తాయి: లోపల దూరిన ఎలుక తోకా, వెనక కాళ్లూ అన్నట్టు. ఈ ఎలుక ముచ్చట అభిమాని కాయకోసారి చెబుతాడు. ఆపైన మానును వాటేసుకుంటాడు. గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు గానీ దాన్ని ‘మా నేటివ్ చెట్టు’ అంటాడు.

సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు జబ్బు ముదురుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానకే దిక్కులేని సీమలో, చెనక్కాయ రైతుల మధ్య కూర్చుని, హో అడవిలో 3,500 మిల్లీమీటర్లు కురుస్తుందని చెబుతాడు. చెప్పకూడని చోట చెప్పిన అంకె అది. “అంత వాన మనకొస్తే చెట్లు చూసుకుంటా యాల తిరుగుతాం నాయనా, వరి నాటుకుంటాం గానీ!” అంటాడు పెద్దాయన. అభిమాని జాలిగా నవ్వుతాడు. తనకు నీడనిస్తున్నది కానుగో వేపో అడిగితే మాత్రం ఫోన్ తీస్తాడు.

కదిరి దగ్గర గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. దాని కొమ్మలూ ఊడలూ దాదాపు ఐదెకరాలు కమ్ముకున్నాయి. బెంగళూరు విలేకరి రిగ్రెట్ అయ్యర్ పట్టుపట్టి లోకానికి చాటితే 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. అభిమాని చిన్నప్పుడు బడిపిల్లలతో అక్కడికి వెళ్లాడు. గుర్తున్నది కోతి లాక్కున్న బన్ను.

సొంత గడ్డ మీద డగ్లస్ ఫర్ లాంటి కోనిఫర్ చెట్టే లేదన్నది అతని నిత్య ఫిర్యాదు. ఆంధ్ర వరకు అది నిజమే. ద్వీపకల్ప భారతంలో సహజంగా పెరిగే కోనిఫర్ ఒక్కటే, నాగియా వల్లిచియానా. పడమటి కనుమల తడి అడవుల్లో ఉంటుంది. దాని ఆకులు సూదుల్లా కాక వెడల్పుగా ఉంటాయి కనక, ఎదురుపడినా అభిమాని దాన్ని దాటుకుని పోతాడు.