క్రౌన్ బాబాయి

కొండదారుల్లో జీపులు తిరిగే ప్రతి ఊళ్లోనూ మెకానిక్ షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దమనిషి కూర్చుని ఉంటాడు. ఆయన షెడ్డు ఓనరు కాదు, మేస్త్రీ కాదు, బండి తెచ్చినవాడూ కాదు. ఇస్త్రీ చొక్కా మీద గ్రీజు మరక కనిపించదు. ఒళ్లో పేపరు, పక్కన టీ గ్లాసు. రోడ్డు మీంచి బండి షెడ్డువైపు తిరిగిందో లేదో పేపరు మడిచి, కళ్లు మూసుకుని, చెవి అటు పారేసి, బండి ఆగేలోపే తీర్పు చెప్పేస్తాడు: "క్రౌను పోయింది."

ఆయన అసలు పేరు రేషన్ కార్డుకే తెలియాలి. ఊరందరికీ క్రౌన్ బాబాయే.

దీనికో పూర్వచరిత్ర ఉంది. ఒకప్పుడు బాబాయికి కమాండర్ జీపు ఉండేది. పెళ్లివారిని ఎక్కించుకుని పోతుంటే ఘాట్ రోడ్డు మధ్యలో దాని క్రౌను పళ్లు రాలిపోయాయి. ముహూర్తం దాటిపోయింది, పెళ్లివారి నోళ్లు లేచాయి. వెనకనుంచి గుర్రుమనే శబ్దం ఎన్నాళ్లనుంచో వస్తున్నా, అది క్రౌనుదని తనకెవరూ ముందే చెప్పలేదన్నది బాబాయి బాధ. అందుకే ఇప్పుడు లోకానికంతటికీ తనే ముందు చెబుతున్నాడు.

ఇంతకీ ఆ క్రౌను చేసే పని చాలా గొప్పది. గేర్‌బాక్సు నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు చివర చిన్న పినియను ఉంటుంది. అది పెద్ద పళ్లచక్రాన్ని, అంటే క్రౌనును తిప్పుతుంది. క్రౌనుతోపాటు తిరిగే గూటిలో చిన్న గేర్లు కొన్ని ఉండి, మలుపులో లోపలి చక్రాన్ని నెమ్మదిగానూ బయటి చక్రాన్ని వేగంగానూ తిరగనిస్తాయి. అదే డిఫరెన్షియల్. అక్కణ్నుంచి రెండు పక్కలకీ రెండు యాక్సిల్ రాడ్లు. మోటారు బళ్లలోని ఈ ఏర్పాటుకు దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ఫ్రాన్సులో ఒక గడియారాల పనివాడు పేటెంటు తీసుకున్నాడు. ఆ మహానుభావుడు దాన్ని బండి సాఫీగా మలుపు తిరగడానికి కనిపెట్టాననుకున్నాడు. బాబాయి దృష్టిలో మాత్రం అది పోవడానికే పుట్టింది.

బాబాయి రోగనిర్ణయంలో ఒక నియమం ఎప్పుడూ తప్పదు: శబ్దం ఏదైనా సరే, జబ్బు అన్నిటికన్నా ఖరీదైనదే అయి ఉండాలి. "నట్టు లూజయింది" అని చెప్పినవాణ్ని ఊళ్లో ఎవరు తలుచుకుంటారు? "టైరు అరిగింది" అనడానికి చెవి ఎందుకు, కళ్లుంటే చాలదూ? అదే క్రౌను పోయిందంటే ఓనరు మొహం పాలిపోతుంది, డ్రైవరు తల గోక్కుంటాడు, నలుగురు మూగుతారు. జబ్బు పెద్దదయ్యేకొద్దీ వైద్యుడూ పెద్దవాడవుతాడని బాబాయికి ఎవరూ నేర్పలేదు, పుట్టుకతో వచ్చింది.

అదే షెడ్డులో పనిచేసే మేస్త్రీది పూర్తిగా వేరే దారి. ఆయన చౌక జబ్బు దగ్గర మొదలుపెట్టి ఖరీదైనదాని వైపు నడుస్తాడు. పైగా ముందు చెవి పెట్టడు, నోరు తెరుస్తాడు.

బొర్రా గుహల దగ్గర్నుంచి కటికి జలపాతానికి టూరిస్టులను మోసే జీపులు ఉన్నాయి కదా, అలాంటి జీపొకటి కొండ దిగి వచ్చిందనుకోండి. డ్రైవరు దిగుతూనే, "మేస్త్రీ, క్లచ్చి వదల్తే ఎనకాల కటక్‌మంటంది" అంటాడు. మేస్త్రీ వరసగా అడుగుతాడు. ఎత్తేటప్పుడే వస్తుందా, పోతున్నంతసేపూ వస్తుందా? ఎక్సలేటర్ తొక్కితే గుంయ్‌మంటుందా, వదిలితేనా? మలుపులోనే వస్తుందా? గేరు మారిస్తే శబ్దం మారుతుందా, బండి స్పీడుతోనే మారుతుందా? తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఒకలా అరిస్తే పినియను బేరింగులనో, పళ్ల కలయికనో అనుమానించాలి. మలుపులోనే కటకటమంటే లోపలి చిన్న గేర్లను చూడాలి. స్టీరింగు అటూ ఇటూ తిప్పితే హోరు పెరిగి తగ్గుతుంటే చక్రం బేరింగును పట్టుకోవాలి. తారు రోడ్డు మీద ఒక పాట, సిమెంటు రోడ్డు మీద ఇంకో పాట పాడితే అది మడ్ టైర్ల కచేరీ. క్రౌను ఉండే హౌసింగు దానికి ఏ పాపమూ ఎరగదు.

ఇవన్నీ అడుగుతున్నంతసేపూ బాబాయి జాలిగా నవ్వుతుంటాడు. "అడగడం ఎందుకయ్యా, వినబడ్తంది కదా!"

మేస్త్రీ బండి కిందికి దూరతాడు. ఒక చేత్తో షాఫ్టునూ, ఇంకో చేత్తో పినియను వైపు ఉన్న యోకునూ పట్టుకుని ఎదురెదురుగా మెలితిప్పుతాడు. రెండూ కలిసి కదలాలి. అవి విడివిడిగా కదిలాయి. మధ్యలో రెంటినీ కలిపే క్రాసు కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి. గ్రీజు మొహం చూసి ఎన్నాళ్లయిందో! నీడిల్ బేరింగులు అరిగిపోయాయి. కటక్ పుట్టిన చోటు దొరికింది.

అక్కడితో ఆగకుండా హౌసింగు అడుగున ప్లగ్గు విప్పుతాడు. గేరాయిలు కారగానే షెడ్డంతా గంధకం కంపు. అది ఆయిలు చెడిపోయిన కంపు కాదు, అందులో కలిపే మందు వాసనే అంత. మేస్త్రీ ప్లగ్గు చివరనున్న అయస్కాంతాన్ని గుడ్డతో తుడిచి, ఆ బూడిదరంగు ముద్దను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూస్తాడు. మెత్తగా ఉంది. గింజలు గుచ్చుకోలేదు, పెచ్చులు లేవు. మామూలు అరుగుదలే. పంటి ముక్క దొరికితే అప్పుడు భయపడాలి. కానీ ఆయిలు మాత్రం మజ్జిగలా తెల్లబడి ఉంది.

"వాగులో దింపావా?"

"టూరిస్టులు ఫొటో అడిగారండి..."

కారణం ఆ ఫొటోలోనే ఉంది. వేడెక్కిన హౌసింగు ఒక్కసారిగా చన్నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. బ్రీదర్ గొట్టం సరిగా లేకపోయినా, సీలు అరిగినా అక్కణ్నుంచి నీళ్లు పీల్చుకుంటుంది. ఆయిలు మార్చి, బ్రీదర్ శుభ్రం చేసి, కొత్త క్రాసు వేస్తే జీపు మళ్లీ కొండెక్కుతుంది.

ఇక్కడే బాబాయి అసలు ప్రతిభ బయటపడుతుంది. ఓడిపోయాననుకోవడం ఆయన వంశంలో లేదు. "నే చెప్పలా? నీళ్లు చేరాయి. ఇలాగే తిప్పితే క్రౌను పోతుంది" అంటాడు. బండి వచ్చేటప్పుడు పోయిన క్రౌను, మేస్త్రీ కిందికి దూరేసరికి పోతూ ఉండి, ప్లగ్గు విప్పేసరికి పోబోతుంది. బాబాయి ఏ కాలంలో చెప్పినా తప్పు కాదు, ఎప్పటికో అప్పటికి ఏ క్రౌనైనా పోకుండా ఉండదుగా!

మొన్నామధ్య సాఫ్టువేరు కుర్రాళ్లు కొత్త థార్ వేసుకుని బురదలో ఆడుకుని వచ్చారు. చక్రం జారినప్పుడల్లా వెనక టక్‌మంటోందన్నారు. మేస్త్రీ అడ్డుపడకపోతే బాబాయి వాళ్ల నోటి మాట పూర్తికాకుండానే కొత్త క్రౌనుకు ఆర్డరు పెట్టించేవాడే. 2020లో వచ్చిన థార్ మోడళ్లలో కొన్నింటికి వెనకాల మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఉంటుంది. ఒక చక్రం ఊరికే గిర్రున తిరిగితే అది తనంతట తానే లాకు పడి, రెండో చక్రానికీ బలం అందిస్తుంది. ఆ టక్ లాకు పడిన చప్పుడు, అది పనిచేస్తోందనడానికి సాక్ష్యం. మేస్త్రీ ఈ ముక్క చెప్పాక బాబాయి కాసేపు ఆలోచించి, "పనిచేసే చప్పుడే ఇలా ఉంటే, పోయిన చప్పుడు ఎలా ఉంటుందో చూడండి బాబూ" అని కుర్రాళ్లను ఆశీర్వదించాడు.

ఇంకోసారి ఒక పాత జీపు కదలనని మొరాయించింది. ఇంజను అరుస్తోంది, షాఫ్టు తిరుగుతోంది, వెనక చక్రాలు మాత్రం ఉలకవు. ఒక యాక్సిల్ రాడ్డు విరిగితే మామూలు డిఫరెన్షియల్ బలమంతా ఆ విరిగిన వైపే పారబోస్తుంది. మేస్త్రీ వచ్చి చక్రం ఊగడం లేదని చూసుకుని, ఫోర్ వీల్ లివరు వేయించి, ముందు చక్రాలతో మెల్లగా షెడ్డుకు చేర్పించాడు. దారి పొడవునా బాబాయి పక్క సీట్లో కూర్చుని క్రౌను గురించి సంతాపం ప్రకటిస్తూనే ఉన్నాడు.

అయినా బాబాయిని పూర్తిగా తీసిపారేయలేం. పినియను సీలు కారుతూ ఆయిలు అడుగంటినా పట్టించుకోని డ్రైవర్లున్నారు. శబ్దం వినపడకుండా పాటల సౌండు పెంచేవాళ్లున్నారు. అలాంటివాళ్లు బాబాయి అరుపుకు జడిసి కనీసం ఆయిలు లెవెలు చూపించుకుంటున్నారు. ఆ రకంగా ఆయన కాపాడిన క్రౌన్లు కొన్ని ఉండే ఉంటాయి. ఆ సంగతి చెబితే మాత్రం ఆయనకు నచ్చదు.

కాబట్టి బండి ఉన్న పాఠకులకు ఒక మనవి. వెనక శబ్దం వస్తే బాబాయికి నమస్కారం పెట్టండి, టీ ఇప్పించండి, చెప్పింది వినండి. తర్వాత మేస్త్రీతో టైర్లు, చక్రం బేరింగులు, క్రాసు, ఆయిలు, బ్రీదర్ ఈ వరసలో చూపించండి. హౌసింగు విప్పమనేది ఆ తర్వాతే. క్రౌను, పినియను ఒకదాన్ని వదిలి ఒకటి మార్చేవి కావు, జోడీగానే వేయాలి. షిమ్ములు పెట్టి, పళ్ల సందు కొలిచి, రంగు పూసి పళ్ల అచ్చు చూసి బిగించాలి. అది తెలిసిన చెయ్యి ప్రతి షెడ్డులోనూ ఉండదు. ప్లగ్గు విప్పి అయస్కాంతం చూడటానికి మాత్రం పావుగంట చాలు.