గృహప్రాప్తి సూత్రము - టీకా తాత్పర్య సహితము

మూలము: “బండుందా? ఫ్రిజ్జుందా? ఐతే నీకు ఇల్లు రాదు, పెద్దాయనా.”

అవతారిక: ఇందిరా ఆవాస్ యోజన స్థానమున 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన (గ్రామీణ్) వెలసెను. జిరాక్సు కాగితముల సంచి చంకన పెట్టుకొని సచివాలయపు గడపలో నిలిచిన వృద్ధుడు “నాకొస్తదా బాబూ?” అని యడుగగా, కంప్యూటరు నుండి తల యెత్తకయే పలుకబడిన వాక్యమిది.

ప్రతిపదార్థము: బండుందా = మోటారు గల వాహనము కలదా (కొడుకు కిస్తీలకు కొన్నదైనను, కిస్తీ కట్టలేక పాకలో మూలబడినదైనను కలదనియే అర్థము); ఫ్రిజ్జుందా = చల్లపెట్టె కలదా (చెడిపోయి, అందులో బట్టలు సర్దుకొన్నను ఫ్రిజ్జే); ఐతే = అట్లయినచో; నీకు = నీ కుటుంబమున కంతటికిని; ఇల్లు = వంటచోటుతో కలిపి కనీసము 25 చదరపు మీటర్లు, అనగా ఇంచుమించు 30 గజములు, మైదానమున రూ. 1.20 లక్షలు, కొండ ప్రాంతమున రూ. 1.30 లక్షలు సాయముగా గలది; రాదు = సుగమము; పెద్దాయనా = సంబోధనము. ఇది మర్యాదను తెలుపునే గాని జాబితాను మార్పజాలదు.

తాత్పర్యము: ఇల్లు వచ్చుటకు ఇల్లు లేకుండుట యొక్కటే చాలదు. ల్యాండ్‌లైను ఫోను, చేపల పడవ, నెలకు పదివేలు దాటిన సంపాదన, ఇవియు లేకుండవలెను.

విశేషము: అర్హులలోను తారతమ్యము కలదు. గూడే లేనివాడు ముందు. పిమ్మట సున్న గదుల కచ్చా ఇంటివాడు, ఆపై ఒంటిగదివాడు, రెండుగదులవాడు. సున్న గదుల ఇల్లనగా నేమో వేదాంతులు తేల్చుకొందురు గాక! చూరు తలకు తగులకుండ వంగి దూరువానికి వ్యాఖ్య అక్కరలేదు.

శంక: కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి రూ. 50,000 గాని అంతకు మించి గాని యున్న కుటుంబము అనర్హము. అర్హుడు కోరినచో రూ. 70,000 దాక బ్యాంకు అప్పు ఇప్పింతుమని అదే శాస్త్రము చెప్పును. ఏబదివేల అప్పు పుట్టినవాడు కలవాడై తొలగిపోగా, మిగిలినవానికి డెబ్బదివేలు ఎవరిత్తురు?

సమాధానము: పూర్వవ్యాఖ్యాత లిచ్చట మౌనము వహించిరి. బ్యాంకు మేనేజరు మాత్రము “పాసుపుస్తకం తెచ్చావా?” అనెను. విత్తనాలకు, ఎరువులకు తెచ్చిన పంటరుణమును సిరిగా లెక్కగట్టుట సూత్రకారుని దోషమని మా మతము. కోతలు కాగానే తీర్చవలసిన బాకీని ఆస్తి యనువాడు ఎన్నడును బాకీ పడి యుండడు.

పాఠాంతరము: 2024లో మూలము సవరింపబడెను. రెండు చక్రముల బండి, ఫ్రిజ్జు, పడవ, ల్యాండ్‌లైను లేచిపోయినవి, పదివేలు పదునైదువేలాయెను. మూడు చక్రములకు మినహాయింపు లేదు గనుక సొంత ఆటో తోలుకొని బ్రతుకువాడు నేటికిని అనర్హుడే. కార్డు నిబంధన కదలలేదు. పథకమును 2029 దాక పొడిగించిరి గాని, మైదానపు ఇంటికిచ్చు సొమ్ము మాత్రము 2016 నాటి రూ. 1.20 లక్షలే.