సైన్సు మాస్టారి ఆర్వో

నీళ్ళ విషయంలో నేను మహా పిసినారిని. కర్నూల్లో పుట్టినవాళ్ళకు అది ఉగ్గుపాలతో వచ్చే గుణం. కొళాయి కింద చెంబు కాస్త పొర్లితే ఇంటిల్లిపాదికీ క్లాసు పీకేవాణ్ణి. అలాంటి నేనే, రోజూ బిందెలకొద్దీ నీళ్ళు మురిక్కాలవ పాలుచేసే యంత్రాన్ని డబ్బిచ్చి మరీ వంటింటి గోడకు బిగించుకున్నాను.

కడపలో మా అక్కవాళ్ళింట్లో నీళ్ళు శుద్ధిచేసే ఆర్వో యంత్రం చూసి మనసుపడ్డాను. అమ్మే కుర్రాడొచ్చి రెండు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో మా కొళాయి నీళ్ళు, ఇంకోదాంట్లో ఆర్వో నీళ్ళు. చిన్న పెట్టెకు వేలాడే లోహపు చువ్వలు వాటిలో ముంచి స్విచ్చేశాడు. చూస్తుండగానే మా నీళ్ళు ఎర్రమట్టి రంగుకు తిరిగి మడ్డి తేలింది. "ఇన్నాళ్ళూ మీరు తాగింది ఇదే సార్" అన్నాడు. అక్కడికక్కడే అడ్వాన్సు చేతిలో పెట్టాను.

ఇంతకీ నేను హైస్కూల్లో సైన్సు మాస్టారిని. విద్యుద్విశ్లేషణ ఏటా చెబుతాను. నీళ్ళలో లవణాలుంటే కరెంటు పారి, ఇనప చువ్వ కరిగి తుప్పు మడ్డి కడుతుంది. లవణాలు తీసేసిన నీళ్ళలో కరెంటు సరిగా పారదు, గ్లాసు తేటగానే ఉంటుంది. ఆ మడ్డంతా చువ్వదే!

లీటరు మంచినీళ్ళివ్వడానికి ఆర్వో సుమారు మూడు లీటర్లు బయటికి నెట్టేస్తుంది. సన్న గొట్టం, చప్పుడుండదు. నా చెవిన పడలేదు. ఓసారి ఇంటికొచ్చిన అక్క కంట మాత్రం పడింది.

"ఒరే అబ్బీ, మాది బోరు నీళ్ళు, ఉప్పు కషాయం. మాకు తప్పదు. అయినా పోయే నీళ్ళు బక్కెట్లో పట్టి ఇల్లు తుడుస్తా. మీకొచ్చేది సుంకేసుల నుంచి తుంగభద్ర నీళ్ళు గదరా, నీకేం పొయ్యేకాలమొచ్చింది?"

నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు తెచ్చి మా కొళాయి నీళ్ళలో ముంచితే 300 లోపే చూపించింది. మన ప్రమాణాల ప్రకారం తాగేనీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఇబ్బంది లేదు. ఆలోపు ఉన్నచోట ఆర్వోలను నిషేధించమని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లోనే ప్రభుత్వాన్ని ఆదేశించింది. క్రిములకైతే యూవీ ఫిల్టరు చాలు. అది చుక్క నీరు పారబోయదు, మెంబ్రేన్ మార్చే ఖర్చూ ఉండదు.

యూవీకి మారాను. ఆర్వో అమ్మబోతే సగం ధరైనా రాలేదు.

ఈ ఏడాది పదో తరగతిలో చువ్వల ప్రయోగం చేసి చూపించాను. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "సార్, ఇది చూసి మోసపోయి కొనేవాళ్ళు కూడా ఉంటారా?" అన్నాడు.

"ఉంటార్రా, కూర్చో" అన్నాను.