సర్వరన్న

మా సందులో ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వినబడదు. అందరికీ సర్వరన్న. మేడమీది పెద్దమ్మ మొదట్లో జాలిపడింది. "మీ ఆయన సర్వరా బిడ్డా? ఏ హోటల్ల?" అని వదినను అడిగింది. "ఏ హోటలైతేంది పెద్దమ్మా, టిప్పులు మా ఇంట్లకెల్లే పోతున్నయి" అంది వదిన.

ఇంట్లో కంప్యూటర్ సర్వరు నడిపే ఇలాంటి వాళ్లు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా గల్లీకొకరు ఉంటారు. శనివారం వస్తే కంప్యూటర్ సామానుకు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోతారు. ఆ పేరు చెబితే ఎవరికీ తెలియదు, సీటీసీ అనాలి. తిరుగు ప్రయాణంలో మెట్రో స్కానర్ దగ్గర సంచి ఆగుతుంది. సెక్యూరిటీ పిల్లవాడు "ఇదేంది సార్?" అంటాడు. పాపం, అడగకుండా ఉండాల్సింది. సర్వరన్న చెప్పడం మొదలుపెడతాడు, వెనక లైను మెట్లు దిగి రోడ్డెక్కుతుంది.

పాత హార్డ్‌డిస్కు కొనడమంటే ఆయనకు పెళ్లిచూపులు. ముందు జాతకం చూస్తాడు. ఎన్ని గంటలు తిరిగిందో లెక్క డిస్కులోనే ఉంటుంది. 40 వేల గంటలంటే నాలుగున్నరేళ్లు రెప్పవేయకుండా కాపురం చేసినట్టు. అది పర్వాలేదంటాడు. పాడైన సెక్టార్లు కనబడ్డాయా, కుజదోషం. సంబంధం వద్దు.

"డేటా సెంటరోళ్లు నాలుగైదేండ్లకు సామానంత మారుస్తరు తమ్మీ. వాళ్లు తీసేసింది మనింట్ల పిల్లల పెండ్లిళ్లదాకా నడుస్తది" అంటాడు నాతో. ఇక కంప్యూటర్ల మధ్య తీగ సంగతి. మామూలు గిగాబిట్ లైను కాగితం మీద సెకనుకు 125 మెగాబైట్లు మోస్తుంది. టెన్ గిగ్ అయితే 1,250. అందుకు రెండు పాత మెలనాక్స్ నెట్‌వర్క్ కార్డులు, వాటి మధ్య మూడు మీటర్ల రాగి కేబులు చాలు. రెండు కంప్యూటర్లనూ నేరుగా ముడేస్తే స్విచ్చే అక్కర్లేదు. ఈ మాట ఆయనే చెప్పాడు. మరుసటి శనివారం 24 పోర్టుల స్విచ్చు తెచ్చాడు.

"స్విచ్చంటే ఫ్యాన్‌దేమో అనుకున్న" అంది వదిన. "ఇంట్ల ఉన్నవి రెండు కంప్యూటర్లు. తక్కిన ఇరవై రెండు బొర్రలేంటికి?"

"ఉంటయి" అన్నాడాయన.

పైపు లావైంది, ఇక ట్యాంకు చాలలేదు. తిరిగే పాత డిస్కు ఒక్కటి ఎంత ఉరికినా సెకనుకు రెండొందల మెగాబైట్లు దాటడం కష్టం. అందుకని నాలుగేసి టెరాబైట్ల డిస్కులు ఆరు తెచ్చి జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టంలో కలిపాడు. అన్నదమ్ములు ఆరుగురిలో ఏ ఇద్దరు పోయినా ఆస్తి చెక్కుచెదరదు. చేతికొచ్చేది 16 టెరాబైట్లు. అందులో దాచింది పెళ్లి వీడియో, కొడుకు ఎంసెట్ నోట్సు, కొన్ని పాత సినిమాలు. అడుగు కూడా తడవలేదని నేనంటే ఆయన నవ్వాడు. "మా నాయన నల్గొండల గాదె కట్టిండు. వడ్లొచ్చినంక కట్టిండా? ముందు గాదె, అటెన్క వడ్లు."

గాదె ఎక్కడ పెట్టాలన్నది ఇంకో పంచాయితీ. వేడి పుట్టించేది ఆగ్నేయంలో ఉండాలని వాస్తు తీశాడు. ఆగ్నేయంలో వంటిల్లుంది. ఇప్పుడు గ్యాసు పొయ్యి పక్కన సర్వరు, దాని మీదికి తిప్పిన టేబుల్ ఫ్యాను. సర్వరు లోపలి చిన్న ఫ్యాన్ల రొద విని, "తెల్లందాక పిండి రుబ్బుతున్నరేంది?" అని ఎదురింటావిడ అడిగింది. పిండి ఎక్కడ, రుబ్బుడు మాత్రం వదినకే. సర్వరు తాగేది వంద వాట్లే. రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72. వాళ్లది తెల్లకార్డు ఇల్లు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చేది. మీటరు 200 యూనిట్లు దాటిన నెల మొత్తం బిల్లు చేతికొచ్చింది. ఆ నెల సర్వరన్న రాత్రి పదికి సర్వరు ఆపడం నేర్చుకున్నాడు.

మొన్న పెద్దమ్మ ఫోను బక్కెట్లో పడింది. మనవరాలి మొదటి పుట్టినరోజు ఫొటోలు, వీడియోలన్నీ పోయాయని ఏడుస్తూ దిగింది. ఫంక్షన్‌కు పోయినా అందరి ఫోన్లూ దింపుకునే అలవాటు ఆయనది. రెండు సెకన్లలో తీసి తెర మీద పెట్టాడు. పెద్దమ్మ కళ్లు తుడుచుకుని కొంగుముడి విప్పి పెన్‌డ్రైవ్ ఇచ్చింది. టెన్ గిగ్ అంతా వచ్చి ఆ పెన్‌డ్రైవ్ సందులో ఎడ్లబండయింది.

"నలభై నిమిషాలైతది, కూసో పెద్దమ్మా. అసలు గిగాబిట్ అంటే..."

వదిన చాయ్ పెట్టడానికి లేచింది. పెద్దమ్మ కదలకుండా మొత్తం విన్నది. పెన్‌డ్రైవ్ ముడేసుకుని, వెళ్తూ వెళ్తూ ఆయన తల నిమిరింది.

"గిన్ని తెలిసినోడివి, ఇంకా ఆ హోటల్ పనేంటికి బిడ్డా?"