మిరుగంనాటి గాలపు వాక్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కాగితపు మిల్లు వల్ల కొత్తపేట అనే పాత పేరును వదులుకొని కాగజ్‌నగర్‌గా ప్రసిద్ధికెక్కిన పట్టణంలో, ఎండలు వానలకు దారి ఇచ్చే సంధికాలాన మిత్రులు ఒకరినొకరు చేపల వేటకు పిలుచుకునే వాక్యమే ఈ వ్యాఖ్యకు విషయం. కర్త అజ్ఞాతుడు, కాలం గురించి రెండు పక్షాలున్నాయి. 1938లో స్థాపితమైన సిర్పూర్ పేపర్ మిల్లులో వారపు సెలవు దొరికిన కార్మికుడు దీన్ని పలికాడని ఒక పక్షం. 2014లో మిల్లు మూతపడి 2018లో కొత్త యాజమాన్యం చేతికి వచ్చేదాకా సాగిన బలవంతపు తీరికలో ఇది పుట్టిందని మరొక పక్షం. నూనె, గిన్నె ఇతరులే తేవాలన్న నియమం వాక్యంలో ఉంది గనుక ఇది జీతం నిలిచిన రోజులదేనని రెండో పక్షంవారు వాదించగా, జీతం అందిన రోజుల్లోనూ ఆ నియమం సడలలేదని మొదటి పక్షంవారు బదులిస్తారు.

మూలం

“మిరుగం నాడు పెద్దవాగుకు పోదాం రాండ్రి, గాలాలు మీరు తేండ్రి, ఎర్రలు నేను తెస్త, ఉప్పు, కారం, నూనె, గిన్నె మర్వకుండ్రి, సముద్రం అసొంటి మజా వస్తది.”

ప్రతిపదార్థం

మిరుగం నాడు = జూన్ 7, 8 తేదీల ప్రాంతంలో మృగశిర కార్తె ప్రవేశించే దినాన, అనగా చేప తినడం తెలంగాణ ఇళ్లలో ఆచారమై, అంగట్లో చేప ధర ఆకాశాన్నంటే దినాన; పెద్దవాగుకు = ప్రాణహితలో కలిసే వాగుకు, అందునా వేసవికి పారకం తగ్గి నీరు మడుగులు కట్టిన చోటుకు; గాలాలు = వెదురు కట్టె, తంగూసు దారం, నీటిపై తేలే బెండు, దారాన్ని అడుగుకు లాగే సీసపు గుండు, కొసన ముల్లు కలిసిన సాధనాలను; మీరు తేండ్రి = డబ్బు పెట్టి కొనియైనా తీసుకురండి; ఎర్రలు = పెరట్లో జాలారు నీళ్లు పారే చోట తవ్వితే ఊరకే దొరికే వానపాములను; నేను తెస్త = మహోపకారంగా నేనే మోసుకొస్తాను; మర్వకుండ్రి = మరిచిన పక్షంలో వెనక్కి వెళ్లేది కూడా మీరే సుమా.

వ్యాఖ్య

“సముద్రం అసొంటి మజా” అన్నది ఈ వాక్యానికి ప్రాణం. వెచ్చని సముద్రతీరాలలో, మోకాలి లోతు ఉప్పునీటిలో నిలిచి మిత్రబృందాలు ఆడే ఫ్లై ఫిషింగ్ ఇక్కడ ఉపమానం. ఫ్లై అంటే ముల్లుకు ఈకలూ దారాలూ చుట్టి, చేపకు ఈగలాగానో రొయ్యలాగానో కనబడేట్టు కట్టిన బూటకపు ఎర. మామూలు గాలంలో గుండు బరువు దారాన్ని ఈడ్చుకుపోతుంది. ఈ ఎరకు బరువు లేదు గనుక, మందమైన దారాన్నే కట్టె వంపుతో గాలిలో ముందుకూ వెనక్కూ ఆడించి విసరాలి, అంటే బరువంతా దారానిదీ వగలంతా ఎరదీ అన్నమాట. మాసిడోనియావారు ముల్లుకు ఎర్రటి ఉన్ని చుట్టి చేపలను మోసగించేవారని రోమన్ కాలపు రచయిత ఏలియన్ రాశాడు. మన వైపు కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో కూర్చిన మానసోల్లాసంలో మత్స్యవినోదాన్ని రాజోచిత వినోదాలలో చేర్చి, సముద్రపు చేపలనూ నదీ మత్స్యాలనూ వేరుచేసి, వాటికి పెట్టవలసిన మేతలను వివరించాడు. అయితే రాజు తన ఎరను తాను తవ్వుకోనక్కరలేదు గనుక ఎవరేమి తేవాలన్న ప్రస్తుత వివాదాన్ని ఆ గ్రంథం తీర్చజాలదు.

మొదటి శంక

వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న సముద్రానికి పెద్దవాగుతో పోలిక ఎట్లా కుదురుతుంది? కుదురుతుంది. వాగు ప్రాణహితలోనూ, ప్రాణహిత కాళేశ్వరం వద్ద గోదావరిలోనూ, గోదావరి అంతర్వేది మొదలైన చోట్ల బంగాళాఖాతంలోనూ కలుస్తాయి గనుక వాగు సముద్రానికి పూర్వరూపమే. నీరు అటు పోతుందే కాని ఉప్పు ఇటు రాదు కదా అంటే, అందుకే మూలంలో సరుకులన్నిటికంటే ముందు “ఉప్పు” పఠితమైంది; నీటిలో లోపించిన లవణగుణం పులుసులో సిద్ధిస్తుంది. ఇక వెచ్చదనం అంటారా, రోహిణి కార్తె ఎండలు దాటి నాలుగు రోజులైనా కాని కాగజ్‌నగర్‌లో దాన్ని ఎవరూ నిరూపించనక్కరలేదు.

రెండో శంక

వానపాము నిజమైన ఎర, ఫ్లై బూటకపుది; కనుక జాతిభేదం వచ్చింది కదా? ఈ శంక బలమైనది. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమట్ట గాలి పీల్చేందుకు నీటిపైకి వస్తుంది, కదిలే కప్పనూ చిన్న చేపనూ ఎగిరి పట్టుకుంటుంది; ఫ్లైకి తగిన పాత్ర వాగులో ఏదైనా ఉంటే అదే. బెండు కింద కదలక వేలాడే ఎర్రకు మాత్రం ఎక్కువగా జెల్లలే తగులుతాయి. అయినా సిద్ధాంతికి ఓటమి లేదు. ఎందుకంటే ఈ వాక్యంలో బూటకపు ఎర ముల్లుకు కట్టినది కాదు, మాటకు కట్టినది. “సముద్రం అసొంటి మజా” అన్నదే ఈకలతో చుట్టిన బరువులేని ఫ్లై. ముందున్న “మీరు తేండ్రి, మర్వకుండ్రి” అన్నవి దాన్ని మోసే బరువైన దారం. గాలాలూ గిన్నే పట్టుకొని తెల్లవారకముందే అందవెల్లి దారి పట్టిన మిత్రులే తగిలిన చేపలు. కావున ఇది శుద్ధమైన ఫ్లై ఫిషింగే.

తాత్పర్యం

ఓ మిత్రులారా! ఖర్చు మీది, మోత మీది, వంట మీది. పిలుపు నాది, ఎర్రలు నావి, కూరలో తలకాయ ముక్క కూడా నాదే. చేప పడితే నా ఎర్రల మహిమ, పడకపోతే మీ గాలాల దోషం.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను మిరుగానికి ముందు చదివినవారికి, పిలుపు అందిన మరుక్షణమే “ఎర్రలు నేను తెస్త” అని తామే ముందుగా అనగలిగే సమయస్ఫూర్తి కలుగుతుంది. ఇద్దరూ చదివిన చోట ఎర్రలే తప్ప గాలాలు ఉండవు. అక్కడ అంగడి చేపే గతి.