పొగడ్త పానశాలకి, తగలాల్సింది మన సభకి

మాది చల్లపల్లి. నిందాస్తుతి మా ప్రాంతానికి ఇంటి సొత్తు. పక్కనే ఉన్న పెదప్రోలుకు చెందిన కాసుల పురుషోత్తమ కవి, మా దగ్గరి శ్రీకాకుళం అనే ఊళ్లో వెలసిన ఆంధ్ర మహావిష్ణువుని ఎదురుగా నిలబడి కడిగేశాడు. ఆంధ్రనాయక శతకం నిండా ఆ నిలదీతే. పైకి ఎత్తిపొడుపు, తవ్వితే ఊటనీరులా భక్తి. ఆ కవిని ఆదరించింది దేవరకోట సంస్థానం, అంటే మా చల్లపల్లి జమీందారులు. గుడిలో ధూపదీపాలకే కరువొచ్చిన రోజుల్లో ఆయన పద్యాలే జమీందారుని కదిలించి స్వామికి మళ్లీ నైవేద్యం పెట్టించాయని మా వైపు పెద్దలు చెప్పుకుంటారు. మనసు పెట్టి చేసిన నింద ఎంత మేలు చేస్తుందో చెప్పడానికి మాకు ఆ గుడి చాలు.

ఈ నిందాస్తుతి అలంకార శాస్త్రంలో వ్యాజస్తుతి కిందికి వస్తుంది. అందులో ఇంకో తోవ కూడా ఉంది. ఒకరిని మెచ్చుకుంటే ఆ దెబ్బ ఇంకొకరికి తగలడం. అప్పయ్య దీక్షితులు కువలయానందంలో దీనికి లేడిని చూపించాడు. అది లేతగడ్డి మేస్తుంది, నిద్రొస్తే పడుకుంటుంది, డబ్బున్నవాడి మొహం చూస్తూ నిలబడాల్సిన పని దానికి లేదు. లేడికి చేసిన మెప్పు నిజమైన మెప్పే. విని తల దించుకోవాల్సింది మాత్రం దొరల గుమ్మాల దగ్గర పడిగాపులు కాసేవాడు. ఆ తోవలోనే ఈరోజు నేనొక పానశాలని పొగుడుతున్నాను. ఈ పొగడ్తలో ఒక్క మాటా కల్ల కాదు. ఇది తగలాల్సింది మాత్రం నేను పుట్టి పెరిగిన సాహిత్య సభకి.

ఆ పానశాల పేరు గ్రీన్ మిల్. అమెరికాలోని చికాగో నగరంలో, అప్‌టౌన్ అనే పేటలో ఉన్న పాత జాజ్ సంగీతపు బారు. 1986 జులైలో మార్క్ స్మిత్ అనే కవి అక్కడ ఆదివారం రాత్రుల కవితా పోటీ మొదలుపెట్టాడు. ఆయన ఆచార్యుడు కాదు, భవన నిర్మాణంలో పనిచేసినవాడు. అప్పటికి అక్కడి కవితా పఠనాలు నలుగురైదుగురు కవులు ఒకరికొకరు వినిపించుకునే తద్దినాలుగా మారాయని ఆయన బాధ. అందుకని కవిత్వాన్ని జనం ఉన్నచోటికే తీసుకెళ్లాడు. ముందు ఎవరైనా వచ్చి చదువుకునే ఓపెన్ మైక్, ఆ తర్వాత పిలిచిన కవి, చివర పోటీ. దాన్నే పొయెట్రీ స్లామ్ అన్నారు. దశాబ్దాల పాటు ఆ ఆదివారం రాత్రి అలా నడిచింది. 1990 నుంచి అమెరికాలో జాతీయ స్థాయి పోటీలు వచ్చాయి. ఇప్పుడు ప్రపంచంలో ఎన్నో భాషల్లో ఆ పద్ధతి నడుస్తోంది.

నా మొదటి పొగడ్త ఆ తలుపుకి. అక్కడ ఒక కాగితం ఉంటుంది. వచ్చినవాడు తన పేరు తానే రాసుకుంటాడు. ఎన్ని పుస్తకాలు వేశావు, ఎవరి శిష్యుడివి, ఏ సంఘం సభ్యుడివి అని అడిగేవారు లేరు. పేరు రాస్తే వంతు వస్తుంది, అంతే.

మన తలుపు ఎలా ఉందో నేను కళ్లారా చూసింది చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక ఉగాది కవిసమ్మేళనానికి వెళ్లాను. ఏ ఊరు, ఏ సంస్థ అన్నది అనవసరం. ఆహ్వానపత్రికలో సాయంత్రం అయిదు గంటలకు అని ఉంది. జ్యోతి వెలిగించేసరికి ఆరున్నర. వేదిక మీద పదకొండు కుర్చీలు. ఒక్కొక్కరికీ పరిచయం, దండ, శాలువా, జ్ఞాపిక, ఫొటో. రెండో వరుస చివర డిగ్రీ చదివే పిల్ల ఒకతి కూర్చుంది. చేతిలో నోటుపుస్తకం లోంచి చింపిన కాగితం, నాలుగు మడతలు. మడత విప్పుతుంది, పెదాలు కదిపి చదువుకుంటుంది, మళ్లీ మడుస్తుంది. పక్కన వాళ్ల నాన్న. చెప్పుల అంచున చేలో మట్టి ఆరి తెల్లబడి ఉంది. ఆయన గడియారం లేని మణికట్టు వైపు చూసుకుని, నా వైపు వంగి, "టైమెంతయిందండీ? ఎనిమిదింటికి ఆఖరి బస్సు" అన్నాడు. ఏడూ ముప్పావు అయిందని చెప్పాను. వేదిక మీద ఏడో పెద్దాయన మాట్లాడుతున్నారు. తెలుగు భాష చచ్చిపోతోందని, పిల్లలు రావడం లేదని బాధపడుతున్నారు. తండ్రీ కూతుళ్లు లేచి, వంగి, ఎవరికీ అడ్డం రాకుండా గోడవార నడిచి వెళ్లిపోయారు. ఎనిమిదిన్నర దాటాక ఆ అమ్మాయి పేరు పిలిచారు. కుర్చీ ఖాళీ. "చూశారా, యువతకి ఓపిక లేదు" అన్నారు అధ్యక్షులు. ఆ నాలుగు మడతల్లో ఏముందో ఆ సభలో ఒక్కరమూ వినలేదు.

తలుపు సంగతి ఎత్తితే కవి జాషువాని తలచుకోకుండా ముందుకు పోలేం. వినుకొండలో కొప్పరపు కవుల అవధాన సభలో పద్యాలు చదివితే, కులం పేరెత్తి అవమానించారు ఆయన్ని. తర్వాత అదే అవధాన విద్యకి పెద్ద దిక్కయిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి తన చేతులతో ఆయన కాలికి గండపెండేరం తొడిగాడు. ఆ గురువు మన పరువు నిలబెట్టాడు. కానీ గండపెండేరం ఒక్కరికే. గుమ్మంలోంచి వెనక్కి వెళ్లినవాళ్లు ఎందరో. పేరు తప్ప మరేమీ అడగని ఆ బారు కాగితాన్ని అందుకే నేను కళ్లకద్దుకుంటాను.

రెండో పొగడ్త గడియారానికి. స్లామ్‌లో ఒక్కో కవికి మూడు నిమిషాలు. పది సెకన్లు పట్టూవిడుపు. అది దాటితే ప్రతి పది సెకన్లకీ అర మార్కు కోత. వాయిద్యాలు లేవు, వేషాలు లేవు, చదివేది సొంత కవితే అయ్యుండాలి. మూడు నిమిషాలే అని తెలిసినవాడు ఉపోద్ఘాతం మానేస్తాడు. తన కవితలో ఏ పాదం లేకపోయినా ఫరవాలేదో ఇంటి దగ్గరే తేల్చుకుని వస్తాడు.

కాలం విలువ మనకి తెలియనిది కాదు. అష్టావధానంలో సమస్య ఒకరు, దత్తపది ఒకరు, నిషిద్ధాక్షరి ఒకరు ఇచ్చి ఊపిరాడనివ్వకుండా చేస్తుంటే, మధ్యలో గంట ఎన్నిసార్లు మోగిందో కూడా అవధాని లెక్క చెప్పాలి. ఘంటాగణనాన్ని ఒక విద్యగా నిలబెట్టిన భాష మనది. అలాంటి భాషలో సభాధ్యక్షుడి తొలిపలుకులకి గంట కొట్టేవాడు లేడు. కవికి ఒక్క నిమిషం, కవిత్వం గురించి మాట్లాడేవాళ్లకి రెండు గంటలు. ఇది మర్యాద కాదు, దోపిడి. కవి సొత్తయిన కాలాన్ని వేదిక తినేస్తోంది.

మూడో పొగడ్త చెవికి. అక్కడ న్యాయనిర్ణేతలు అయిదుగురు, ప్రేక్షకుల్లోంచి అప్పటికప్పుడు ఏరినవాళ్లు. కవితకి సున్నా నుంచి పది వరకు మార్కులు వేసి పలకలు పైకెత్తుతారు. అందరికంటే ఎక్కువ వేసింది, అందరికంటే తక్కువ వేసింది తీసేసి, మిగిలిన మూడూ కలుపుతారు. స్నేహితుడి పక్షపాతం, పగవాడి కసి రెండూ ఆ కొట్టివేతలో పోతాయి. పోటీకి ముందు, పోటీలో లేని ఒక కవి చదువుతాడు. న్యాయనిర్ణేతలు తమ తూకం సరిచూసుకోవడానికి అతనికి మార్కులు వేస్తారు. మా వైపు ధాన్యం తూచే ముందు రైతు కాటా మీద రాయి పెట్టి చూపించమంటాడు. ఇదీ అంతే.

ఆ మార్కులు కవిత్వానికి కొలబద్ద కాలేవని స్లామ్ నడిపేవాళ్లే చెబుతారు. మార్కులు ఒక వంక. వాటికోసమైనా గదిలోని మనిషి చెవి పెట్టి వింటాడు. నచ్చితే చిటికెలు వేస్తాడు, నేల మీద కాలు తడతాడు. నచ్చకపోతే మూలుగుతాడు. కవికి తన కవిత ఎక్కడ కుంటిందో అక్కడికక్కడే తెలుస్తుంది. ఒకప్పుడు ఈ నిప్పు మన దగ్గరా ఉండేది. తిరుపతి వేంకట కవులు ఊరూరా అవధానాలు చేసిన కాలంలో పృచ్ఛకుడు కవిని ఇరుకున పెట్టాలని చూసేవాడు, సభ ఊపిరి బిగబట్టి చూసేది. అందులోంచే, ఆ జంటలో ఒకరైన చెళ్లపిళ్ల మా బందరు హైస్కూలు తరగతి గదికి వచ్చారు. ఆ గదిలోంచే విశ్వనాథ సత్యనారాయణ లాంటివాళ్లు వచ్చారు. ఇప్పుడు మన కవిసమ్మేళనంలో వినేవాడంటే తన వంతు కోసం కూర్చున్న మరో కవి. తనది చదివేసి, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోతాడు. బాగుందనే మాట అందరికీ ఒకే కొలతలో పంచుతాం. చివరికి మిగిలేది మైకు అద్దెకిచ్చిన కుర్రాడు. అందరినీ మెచ్చుకునే సభ ఎవరినీ వినని సభ.

సరస్వతిని సారా కొట్టుకి తీసుకెళ్తావా అని కోప్పడేవారు ఉంటారు. వారికి నా జవాబు మా మొవ్వలోనే ఉంది. చల్లపల్లి నుంచి కాసేపట్లో చేరే ఊరు అది. క్షేత్రయ్య ఆ ఊరి మువ్వగోపాలుడి పేర రాసిన పదాలని మూడు వందల ఏళ్లు గొంతులో దాచుకున్నది ఎవరు? పెద్దమనుషులు పగటిపూట పలకరించడానికి కూడా జంకిన దేవదాసీలు. ఊరు వెలివేసిన గడపల్లోనే తెలుగు పదం బతికింది. కవిత్వం తన బతుకు కోసం ఎప్పుడూ వినేవాళ్ల దగ్గరికే పోతుంది. ఆ ఇల్లు ఎలాంటిదని అది అడగదు.

అయినా మా ఊళ్లో బారులో కవితా రాత్రి పెట్టమని నేను అనను. తాగుడు ఇక్కడ ఎన్ని ఇళ్లు కూల్చిందో చూసినవాణ్ణి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్లు, తమ వాచకంలోని ఒక పాఠం చదివి సారా దుకాణం మీదికి నడిచారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. అక్షరానికి అంత బలం ఉందని రుజువు చేసిన ఆ తల్లులు గడప తొక్కలేని చోట కవిత్వం పెడితే అది సగం ఊరికి మాత్రమే కవిత్వం. కాగితం మడతపెట్టుకుని కూర్చున్న ఆ అమ్మాయి కూడా అక్కడికి రాలేకపోతుంది. కాబట్టి మనం తెచ్చుకోవాల్సింది బారుని కాదు, బారు పాటించిన మూడు ధర్మాలని. తలుపు తీసి ఉంచడం, కాలం పాటించడం, చెవి ఒగ్గడం.

టీ నీళ్లతోనూ ఇది సాగుతుంది. హైదరాబాదులో 2010లో తెరిచిన లామకాన్ అనే సాంస్కృతిక కేంద్రం టీ, సమోసాలతోనే ఎందరో కొత్తవాళ్లకి వేదికైంది. కవి యాకూబ్ మొదలుపెట్టిన కవిసంగమం యువకవులని, పెద్దకవులని ఒకే వరుసలో కూర్చోబెట్టింది. డాలస్‌లో మనవాళ్లు నెలనెలా తెలుగు వెన్నెల పేరుతో ఏళ్ల తరబడి కూర్చుంటున్నారు. అంత దూరాన అవుతున్నది క్షేత్రయ్య పక్క ఊళ్లో కాదంటే ఎలా నమ్మను?

అందులోనూ మాది మామూలు ఊరు కాదు. 2014 నవంబరు నుంచి స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు తెల్లవారుజామున చీపురు, పార పట్టుకుని ఇక్కడి రోడ్లు ఊడుస్తున్నారు. డాక్టర్లు, టీచర్లు, రైతులు, గృహిణులు అందరూ అందులో ఉన్నారు. అక్కడ వేదిక లేదు, శాలువా లేదు. వచ్చినవాళ్లు పనిలోకి దిగుతారు. ఊరి వీధి కోసం రోజుకో గంట ఇవ్వగలిగిన ఊరు, ఊరి మాట కోసం వారానికో గంట ఇవ్వలేదా?

సాహిత్య సంస్థల పెద్దలకి నా విన్నపం ఒక్కటే. వచ్చే ఉగాది దాకా ఆగకండి. వారంలో ఒక సాయంత్రం గ్రంథాలయం వరండాలోనో, బడి చెట్టు కిందో చాప పరవండి. ఒక తెల్లకాగితం, ఒక గడియారం, ఒక గంట ఉంటే చాలు. వచ్చినవాళ్లు పేరు రాసుకోవాలి. మనిషికి మూడు నిమిషాలు. మీరు కుర్చీల్లో కాక అందరితో పాటు చాప మీద కూర్చుని చివరిదాకా వినాలి. ఆఖరి బస్సు కదలడానికి అరగంట ముందే ముగించాలి.