కొత్త విండోస్, పాత లాప్‌టాప్, నా వైద్యం

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. ఆ వారంలోనే విజయవాడలో మా అపార్ట్‌మెంటు అంతా విండోస్ 11కి మారిపోయింది. మర్నాటికల్లా ఇంటింటా లాప్‌టాప్‌కి జ్వరం. మా ఇంట్లోదాని ఫ్యాను ఎండుకొబ్బరి వేసిన మిక్సీలా అరిచేది. అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ నేను చెప్పిన చిట్కాలు ఇవి.

ముందుగా, ఓపిక పట్టకండి. కొత్త విండోస్ ఎక్కాక మెషీను మీ ఫైళ్లన్నిటికీ మళ్లీ పట్టీ రాసుకుంటుందట, అప్‌డేట్లు దింపుకుంటుందట, డ్రైవర్లు మార్చుకుంటుందట. చార్జర్ పెట్టి ఓ రాత్రి, మహా అయితే రెండు రోజులు దాని మానాన వదిలేస్తే పని ముగించి అదే చల్లబడుతుందని మా మేనకోడలు అంటుంది. చిన్నపిల్ల, ఏం తెలుసు? నేను గంటకోసారి పవర్ బటన్ నొక్కిపట్టి ఆర్పేస్తాను. వెలిగించగానే అది మిగిలిన పని అందుకుంటుంది. మళ్లీ వేడి, మళ్లీ ఆర్పుడు. పదకొండు రోజులుగా ఇదే చికిత్స. గుణం కనిపించేదాకా మానకూడదు.

టాస్క్ మేనేజర్ జోలికి అసలు పోకండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే అది తెరుచుకుంటుంది. అందులో సీపీయూ అన్న చోట నొక్కితే ఎక్కువ మేస్తున్నవాడు పైకొచ్చి నిలబడతాడు. దొంగ అంత సులువుగా దొరికితే నాలాంటివాడి సలహా ఎవరిక్కావాలి? దానికి బదులు, మెషీన్‌ని చల్లబరుస్తామనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఓ మూడు వేసుకోండి. పనిలోపనిగా రెండో యాంటీవైరస్ కూడా. ఒకే వీధికి ఇద్దరు గూర్ఖాలను పెడితే రాత్రంతా ఒకరినొకరు దొంగనుకుని ఈల వేసుకుంటారు. భద్రతంటే అదీ.

సెట్టింగుల్లో పవర్ మోడ్ అని ఒకటుంది. బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ, బెస్ట్ పెర్ఫార్మెన్స్. రెండూ బెస్టే అయినప్పుడు పొదుపెందుకు?

ఇక చోటు. లాప్‌టాప్ అడుగున సన్నని చిల్లులుంటాయి. అక్కణ్నించి గాలి పీల్చి, పక్కనుంచో వెనకనుంచో వేడి వదులుతుంది. అందుకని బల్లమీద పెట్టమంటారు. పాపం, జ్వరమొచ్చినదాన్ని చెక్కమీద పడుకోబెడతామా? మాది దూదిపరుపు, పైన బొంత. దుమ్ము దూరకుండా చిల్లులకు సెల్లోటేపు కూడా అంటించాను. ఇంతకుముందు దూరిన దుమ్ము లోపలే భద్రంగా ఉంది.

ప్రాసెసర్ వంద డిగ్రీల దరిదాపులకొస్తే తనే వేగం తగ్గించుకుంటుందనీ, మరీ మించితే తనే ఆరిపోతుందనీ మేనకోడలు ఇంకో కబురు చెప్పింది. మెషీను నెమ్మదించింది అందుకేనట. దాని తెలివిని నమ్ముకుని కూర్చోలేక, తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టాను, పెరుగు గిన్నె పక్కన. అరగంటకు తీశాను. మా ఊరి ఉక్కపోత తెలిసిందేగా! చల్లని సీసాకు పట్టినట్టు ఒళ్లంతా చెమట, కీల సందుల్లోంచి లోపలికి కూడా. మా ఆవిడ కంగారుపడింది. జ్వరం దిగేముందు చెమట పడుతుందని నేనే ధైర్యం చెప్పాను. ఆ రోజు నుంచి ‘కె’ నొక్కితే ‘ఎల్’ కూడా పడుతోంది. ఒకటి నొక్కితే ఒకటి ఉచితం.

థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటుంది, మార్చాలన్నాడు రిపేరు కుర్రాడు. పేస్టు మా బాత్రూంలోనూ ఉంది.

ఇన్ని చేశాక ఫలితం రాకుండా ఉంటుందా? నిన్న పొద్దున చూస్తే టచ్‌ప్యాడ్ నొక్కితే పడటం లేదు, అడుగు మూత పూరీలా పొంగి ఒక పక్క లేచింది. గాలికి తనే దారి చేసుకుంది! స్టాండు కొనే ఖర్చు తప్పిందని ఫొటో తీసి ఆ కుర్రాడికి పంపాను. వాడు వెంటనే ఫోన్ చేసి, “బ్యాటరీ ఉబ్బింది సార్! చార్జర్ పీకేయండి, గుచ్చకండి, నొక్కకండి, మంట అంటుకునేవేవీ లేనిచోట పెట్టి దూరంగా ఉండండి, నేనొస్తున్నా” అని అరిచాడు.

మూత కాస్త లేచినదానికి ఇంత హడావుడా? వాడొచ్చేలోపు మూత మళ్లీ సర్దుకుంటుందేమోనని పైన రుబ్బురాయి పెట్టబోతుంటే, మేనకోడలు నా చేతిలోంచి లాక్కుంది.